తిమింగలాలను లెక్కపెట్టడానికి వెళ్లినవారు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పే మాస్టరుని. పాఠం చెప్పేది ఉర్దూలో, బజారులో మాట్లాడేది తెలుగులో. అందుచేత నా తెలుగు కొంచెం అటూ ఇటూ అయితే పెద్దలు మన్నించాలి. కార్యదర్శిగారు "ఈసారి పిల్లలకు పనికొచ్చే సైన్సు సంగతి ఏదైనా చెప్పండి మాస్టారూ" అన్నారు. ఏం చెప్పాలా అని వారం రోజులు ఆలోచించి, క్లాసులో ఒక పిల్లవాడు నన్ను అడిగిన ప్రశ్న మీదే మాట్లాడదామని నిశ్చయించుకున్నాను. ఆ ప్రశ్న ఏమిటో తర్వాత చెబుతాను. ముందు కథ చెబితేగాని అది అర్థం కాదు.

ఉర్దూలో తిమింగలాన్ని "వేల్ మఛిలీ" అంటాము. ఆ మఛిలీ అనే మాట వల్ల మా పిల్లలు దాన్ని చేప అనుకుంటారు. అది చేప కాదు. ఆవు, మేకలాగా పిల్లను కని పాలిచ్చే జంతువు. వేడి నెత్తురు. ఊపిరి కోసం నీటి పైకి రావాల్సిందే. అందులో నీలి తిమింగలం అనేది 100 అడుగుల దాకా పెరుగుతుంది. బరువు ఇరవై పాతిక ఏనుగులంత. ఇంతటి జంతువు తినేది ఏమిటంటే వేలెడు పొడవైనా లేని క్రిల్ అనే ఒక రకం రొయ్య. దాని నోట్లో పళ్లు ఉండవు, జల్లెడలాంటి పలకలుంటాయి. నోరు తెరిచి నీళ్లు నింపుకుని, జల్లెడలోంచి నీళ్లు బయటికి తోసేసి, మిగిలిన రొయ్యల్ని మింగుతుంది. రోజుకు టన్నుల కొద్దీ.

ఈ జంతువు దేహంలో కొవ్వు ఎక్కువ. దాన్ని కాచితే నూనె వస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఆ నూనెతో సబ్బులు చేశారు. మన డాల్డాను గడ్డకట్టించిన పద్ధతిలోనే దాన్నీ గడ్డకట్టించి, యూరప్ ప్రజలు రొట్టెకు రాసుకునే మార్గరీన్ చేశారు. ఉత్తర సముద్రాలలో తిమింగలాలు తగ్గిపోయాక వేటగాళ్లు దక్షిణ ధ్రువం వైపు దిగారు. 1904లో లార్సెన్ అనే నార్వే కప్తాను సౌత్ జార్జియా దీవిలో గ్రిట్‌వికెన్ అనే చోట వేట కేంద్రం పెట్టాడు. ఆ పేరుకు అర్థం "కాగుల రేవు". పూర్వం సీల్ వేటగాళ్లు కొవ్వు కాచి వదిలేసిన ఇనప కాగులు అక్కడ దొరికాయట.

ఆ దీవి బ్రిటిషు వారిది. వేట ఇలాగే సాగితే ఇక్కడా తిమింగలం మిగలదేమోనని వారికి అనుమానం కలిగింది. దయ వల్లనా, పన్ను రాబడి పోతుందన్న భయం వల్లనా అంటే, రెండూ ఉన్నాయని నా ఊహ. అసలు తిమింగలాలు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ పుడతాయి, ఎన్నాళ్లకు ఈడుకు వస్తాయి, ఎటు వెళతాయి అనేది ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఒక కమిటీ వేశారు. డబ్బు ఎక్కడిది? తిమింగలపు నూనె మీద వేసిన పన్ను. అంటే చంపిన తిమింగలాల సొమ్ముతోనే బతికున్న తిమింగలాల చదువు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఈ పనికి నాయకుడిగా ఎంచుకున్న స్టాన్లీ కెంప్ మన దేశానికి కొత్తవాడు కాదు. 1910 నుంచి కలకత్తా ఇండియన్ మ్యూజియంలో, తర్వాత 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థలో పనిచేసినవాడు. ఇచ్ఛాపురం దాటి కొంత దూరం పోతే వచ్చే చిలికా సరస్సు ఉంది కదా, అందులోని జీవరాశిని అన్నండేల్ అనే మరో శాస్త్రజ్ఞునితో కలిసి పరిశోధించినవాడు. గారో కొండల్లో సిజు గుహలోకి వెళ్లి చీకట్లో బతికే పురుగుల్ని పట్టి, చోప్రా అనే మన శాస్త్రజ్ఞునితో కలిసి వాటి గురించి రాసినవాడు. చిలికా ఉప్పునీళ్లలో వల వేసిన చేతులే మంచు సముద్రంలో వల వేయడానికి వెళ్లాయి. 1924లో కలకత్తా వదిలాడు. 1925లో ఓడ బయలుదేరింది.

ఓడ పేరు డిస్కవరీ. 1901లో కప్తాన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్ర కోసం స్కాట్లండులోని డండీ పట్నంలో కట్టిన మూడు తెరచాపల కొయ్య ఓడ. లోపల బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రం కూడా ఉంది. పొడవు సుమారు 170 అడుగులు. మంచును తట్టుకునే విధంగా మందమైన దుంగలతో కట్టారు గానీ, విశాల సముద్రంలో మాత్రం అది గుండ్రటి గుమ్మడికాయలాగా దొర్లేది. శాస్త్రజ్ఞుడు అక్కడ బల్ల మీద గాజు పాత్ర పెట్టి సూక్ష్మదర్శినిలోంచి చూడాలి. బల్ల ఒక పక్కకు, కుర్చీ ఇంకో పక్కకు, కడుపులోది పైకి. మన బస్సులో ఘాటు రోడ్డు మీద ఉత్తరం రాయండి చూద్దాం! వారు అలా రెండేళ్లు రాశారు.

ఓడ మీద వారి దినచర్య చెబుతాను. సముద్రంలో నిర్ణయించిన ఒక చోటికి రాగానే ఓడను ఆపుతారు. దాన్ని "స్టేషన్" అంటారు. మన రైలు స్టేషన్ వంటిది కాదు, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ ఉండదు. ఆవిరి వించి తిప్పి సన్నని ఉక్కు తీగ దింపుతారు. తీగ పొడవునా అక్కడక్కడా సీసాలు, థర్మామీటర్లు కట్టి ఉంటాయి. అన్నీ కావలసిన లోతుకు చేరాక పైనుంచి ఒక ఇత్తడి గుండును తీగ వెంట జారవిడుస్తారు. అది పోయి తగలగానే సీసా మూత పడుతుంది, థర్మామీటరు తలకిందులై ఆ లోతులోని వేడిమి ఎంతో అక్కడే నిలిచిపోతుంది. తర్వాత వలలు. పట్టుతో చేసిన గోపురంలాంటి వలలను వెయ్యి మీటర్ల లోతు నుంచి పైదాకా దశలవారీగా లాగుతారు. ఒక్క స్టేషనుకు గంటలు పట్టేది. పైకి వచ్చిన సరుకును వెంటనే జాడీల్లో పోసి, ఫార్మలిన్ కలిపి, చీటీ రాసి అంటించాలి. చీటీ తప్పు రాస్తే ఆ జాడీ పనికిరాదు. ఎక్కడిదో, ఎప్పటిదో తెలియని నీళ్లు ఎవరికి కావాలి?

ఇందులో ఇంకో చిక్కు. ఈ చిన్న జీవాలు చాలావరకు పగలు లోతుకు పోయి, రాత్రి పైకి వస్తాయి. అందుచేత రాత్రి కూడా పని చేయాలి. మంచు పొడి కళ్లల్లో పడుతుంటే, తీగ మీద గడ్డకట్టిన మంచును కొట్టి రాలుస్తూ, చేతికి తొడుగు వేసుకుంటే సీసా బిరడా తిప్పడం రాదు, తీసేస్తే వేళ్లు పనిచేయవు. ఇదంతా క్రిల్ ఎక్కడ ఎంత ఉందో తెలియడానికే. క్రిల్ ఉన్నచోటే తిమింగలం. పచ్చిక ఎక్కడుందో తెలియకుండా మందను లెక్కపెట్టలేము కదా.

ఆ ఓడలో ఆలిస్టర్ హార్డీ అనే జంతు శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. వలను ఒక్కో చోట ఆగి వేస్తుంటే మధ్యలో ఏముందో తెలియడం లేదని ఆయన ఒక యంత్రం చేశాడు. చిన్న టార్పెడోలాంటి పెట్టె. ఓడ వెనక తాడుతో లాగుతుంటే, ముందు కన్నంలోంచి నీళ్లు లోపలికి పోయి, పాత సినిమా రీలులాగా మెల్లగా చుట్టుకునే పట్టుగుడ్డ మీద జీవాలు అంటుకుంటాయి. గుడ్డ విప్పితే, ఏ మైలులో ఏముందో వరసగా చదువుకోవచ్చు. ఆ పద్ధతిలో చేసిన యంత్రాలను ఈనాటికీ మామూలు సరుకు ఓడలు కూడా లాగుతున్నాయి. హార్డీకి బొమ్మలు వేసే అలవాటు కూడా ఉంది. రంగు పోకముందే ఆ జీవాల బొమ్మలు, మంచుకొండల బొమ్మలు నీటిరంగులతో వేసేవాడు.

ఓడ మీద బతుకు ఇలా ఉంటే, దీవి మీద ఉన్నవారిది మరో రకం కష్టం. గ్రిట్‌వికెన్ పక్కనే ఒక చిన్న ప్రయోగశాల కట్టి కొందరు యువకుల్ని అక్కడ ఉంచారు. వారిలో నీల్ మాకింటోష్, వీలర్ ముఖ్యులు. మాకింటోష్‌కు అప్పుడు పాతికేళ్లు. వేట పడవలు ఈడ్చుకొచ్చిన తిమింగలాలను చెక్కలు పరిచిన వాలు నేల మీదికి ఆవిరి వించితో లాగేవారు. కూలీలు పొడుగాటి కత్తులతో కొవ్వును అరటి తొక్కలాగా ఒలిచేవారు. ఆ కత్తుల మధ్య, ఆ నెత్తురు కొవ్వు జారుడులో, మేకులు కొట్టిన బూట్లు వేసుకుని ఈ కుర్రవాళ్లు టేపు పట్టుకుని పరుగెత్తేవారు. కోసేవాడు ఆగడు. వాడికి గంటకు ఇన్ని అని లెక్క. ఆ లోపలే పొడవు కొలవాలి, కడుపు కోయించి ఏం తిన్నదో చూడాలి, ఆడదైతే గర్భం ఉన్నదా, పిల్ల ఎంత ఉన్నదో చూడాలి, అండాశయాన్ని తీసి దాచుకోవాలి. గర్భంలోని పిల్లను కూడా వారు కొలిచేవారు. పుట్టవలసిన పిల్ల. అది రాస్తున్నప్పుడు వారికి ఏమనిపించిందో నివేదికలో ఉండదు. నివేదికలో సెంటీమీటర్లే ఉంటాయి.

వాసన గురించి చెప్పకుండా ఉండలేను. అక్కడికి వెళ్లినవారందరూ ముందు ఆ కుళ్లు వాసన గురించే రాశారు. బట్టలకు, జుట్టుకు, అన్నానికి, పరుపుకు పట్టే వాసన. కొన్నాళ్లకు ముక్కు మొద్దుబారి తెలియకుండా పోతుంది. అదీ ఒక విధంగా భయమే.

రెండేళ్లలో ఈ విధంగా సౌత్ జార్జియాలోను, దక్షిణాఫ్రికాలోని సల్దానా రేవులోను కలిపి 1600కు పైగా తిమింగలాలను పరీక్షించారు. నీలి తిమింగలం ఇంచుమించు ఏడాది మోస్తుందని, రెండు మూడేళ్లకు ఒక్క పిల్లనే కంటుందని తెలిసింది. ఇంత నిదానంగా పెరిగే మందను ఎంత నిదానంగా తినాలో మన గొర్రెల కాపరిని అడిగినా చెబుతాడు. అయితే ఒక పొరపాటు కూడా జరిగింది. అది రెండేళ్లకే ఈడుకు వస్తుందని వారు అనుకున్నారు. 1955లో తిమింగలం చెవిలో గట్టిపడిన గుమిలి బిరడాలో, చెట్టు మొదట్లోలాగా, వలయాలుంటాయని కనిపెట్టారు. వాటిని బట్టి వయస్సు లెక్కిస్తే, అంతకు చాలా ఎక్కువ ఏళ్లు పడుతుందని తేలింది. అంటే మంద వాళ్లనుకున్నదానికన్నా నిదానం. నిజాయితీగా చేసిన తప్పే గాని, దాని ఖరీదు తిమింగలాలు చెల్లించాయి.

తర్వాత వచ్చిన ఓడల సంగతి త్వరగా చెబుతాను. 1926లో విలియం స్కోర్స్‌బీ అనే చిన్న ఓడ, 1929లో డిస్కవరీ-2 అనే ఉక్కు ఓడ. రెండవది 1932లో చలికాలంలోనే అంటార్కిటికా చుట్టూ తిరిగి వచ్చింది. అంతకుముందు ఎవరూ చలికాలంలో చేయని పని. 1937 జనవరిలో కింగ్ జార్జ్ దీవిలో దిగిన ఆరుగురు మంచు వల్ల ఓడకు దూరమై వారానికి పైగా ఒడ్డునే చిక్కుకుపోయారు. ఓడ వెతికి వచ్చి తీసుకుపోయింది.

విలియం స్కోర్స్‌బీ చేసిన పని నాకు బాగా ఇష్టం. తిమింగలం ఎటు పోతుందో తెలియాలంటే గుర్తు పెట్టాలి. మన గేదెకు చెవి పోగు వేసినట్టు. మొదట మేకులాంటి బిళ్లలు కొట్టారు, అవి ఒంట్లో నిలవక ఊడిపోయాయి. 1932 నుంచి జానెడు కన్నా కొంచెం పొడుగైన ఉక్కు గొట్టం చేసి, దాని మీద నెంబరు, తిరిగి పంపినవారికి బహుమానం ఇస్తామని లండన్ చిరునామా చెక్కి, తుపాకితో తిమింగలం ఒంట్లోకి పేల్చారు. దానికి అది ముల్లు గుచ్చుకున్నంత. ఆ పదేళ్లలో సుమారు 5000 తిమింగలాలకు ఆ విధంగా గుర్తు వేశారు. ఎన్నేళ్లకో ఎక్కడో ఎవరో ఆ తిమింగలాన్ని చంపి, కొవ్వు కాస్తుంటే కాగు అడుగున ఆ గొట్టం దొరికేది. కొన్ని 20 ఏళ్లు దాటాక కూడా దొరికాయి. వాటి వల్లనే ఎండకాలంలో మేత కోసం దక్షిణానికి వచ్చి, చలికాలంలో పిల్లలు కనడానికి వెచ్చని నీళ్లకు పోతాయని, మళ్లీ ఇంచుమించు అదే భాగానికి తిరిగి వస్తాయని రుజువైంది. ఒక చిక్కు మాత్రం ఉంది, గమనించారా? ఆ గుర్తు చదవాలంటే ఆ తిమింగలం చావాలి.

ఇప్పుడు అసలు సంగతి. డిస్కవరీ బయలుదేరిన అదే 1925లో నార్వేవారి లాన్సింగ్ అనే మరో ఓడ కూడా దక్షిణానికి బయలుదేరింది. దాని వెనక భాగాన ఒక వాలు బాట కట్టారు. తిమింగలాన్ని సముద్రం మధ్యలోనే ఆ బాట మీదుగా ఓడలోకి లాగి, అక్కడే కోసి, అక్కడే కాచవచ్చు. ఇక దీవితో పని లేదు. దీవితో పని లేదంటే పన్ను లేదు, అనుమతి లేదు, టేపు పట్టుకున్న మాకింటోష్ కూడా లేడు. ఒకే ఏడాది రెండు ఓడలు: ఒకటి లెక్క రాయడానికి, ఒకటి లెక్కకు అందకుండా పోవడానికి. 1930-31లో ఒక్క సీజనులో ఆ సముద్రాలలో 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు.

క్లాసులో ఇంతవరకు చెప్పి బోర్డు మీద ఈ సంఖ్య రాశాను. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు లేచి, "మాలూమ్ థా తో రోకే కైకు నై, సర్?" అన్నాడు. తెలుసు కదా, మరి ఎందుకు ఆపలేదు సార్ అని. ఆ రోజు గంట కొట్టారు, నేను బతికిపోయాను.

నాకు తోచిన జవాబు ఇక్కడ చెబుతాను. 1946లో దేశాలన్నీ కూర్చుని వేటకు హద్దు పెట్టుకున్నాయి. ఏడాదికి 16 వేల యూనిట్లు. ఒక యూనిట్ అంటే ఒక నీలి తిమింగలం, లేదా రెండు ఫిన్ తిమింగలాలు, లేదా ఆరు సెయ్ తిమింగలాలు. నూనెను బట్టి వేసిన లెక్క, ప్రాణాన్ని బట్టి కాదు. ఏ జాతి ఎన్ని మిగిలిందో ఆ యూనిట్‌లో కనిపించదు. వేటగానికి పెద్దది దొరికితే పెద్దదాన్నే కొడతాడు, ఒకే దెబ్బకు యూనిట్ పూర్తి. ఈ సంఖ్య నిర్ణయించడంలో సలహా ఇచ్చినవారిలో మాకింటోష్ కూడా ఉన్నారు. ఏ హద్దూ లేకపోవడం కన్నా ఏదో ఒక హద్దు మేలని అనుకుని ఉంటారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు శాస్త్రజ్ఞులు తగ్గించాలంటే, "ఖచ్చితంగా ఎన్ని ఉన్నాయో చెప్పండి" అని కంపెనీల పక్షంవారు అడిగేవారు. సముద్రంలో ఖచ్చితంగా ఎవరు చెప్పగలరు? అనుమానం వచ్చినప్పుడల్లా ఆ లాభం వేటగానికే పోయింది. సోవియట్ ఓడలైతే చంపినవాటిలో చాలావాటిని లెక్కలోనే చూపలేదని 1990లలో వారి శాస్త్రజ్ఞులే బయటపెట్టారు. నేను మాకింటోష్‌ను తప్పుపట్టడం లేదు, పూర్తిగా వదిలిపెట్టడమూ లేదు. యవ్వనమంతా ఆ నెత్తుటి చెక్కల మీద నిలబడి కొలిచిన మనిషి, ఆ సంఖ్య మీద సంతకం చేసేటప్పుడు చెయ్యి వణికిందా లేదా అని మాత్రం అనుకుంటూ ఉంటాను.

2011లో జనాభా లెక్కల డ్యూటీ చేశాను. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, తలుపు తీయని ఇంటికి మూడుసార్లు పోయి రాసుకొచ్చాను. ఆ కాగితాలు ఇచ్చేశాక వాటితో ఎవరేం చేశారో నా చేతిలో లేదు. కాని లెక్క తప్పు రాసి ఉంటే అది మాత్రం నా చేతి తప్పే. ఆ పిల్లవాడికి నేను చెప్పగలిగింది ఇంతే.

నీలి తిమింగలం వేట 1966లో నిషేధమైంది. వేట మొదలు కాకముందు ఆ సముద్రాలలో సుమారు 2,39,000 ఉండేవని, 1970ల మొదట్లో సుమారు 360 మాత్రమే మిగిలాయని 2004లో ప్రచురించిన ఒక లెక్క చెబుతున్నది. ఈ లెక్క ఎలా వేశారు? కెంప్, మాకింటోష్ మొదలైనవారి కాలం నుంచి రాసిపెట్టిన కాగితాలు లేకపోతే ఎంత ఉండేవో, ఎంత పోయాయో ఊహించడానికి కూడా ఆధారం ఉండేది కాదు. డిస్కవరీ యాత్రల నివేదికలు 37 సంపుటాలు. మాకింటోష్ 1974లో పోయారు.

2020లో బ్రిటిషు అంటార్కిటిక్ సర్వే వారు మళ్లీ సౌత్ జార్జియా చుట్టూ ఓడ మీద 23 రోజులు తిరిగారు. ఈసారి కత్తులు లేవు, ఉక్కు గొట్టాలు లేవు. దుర్భిణి పట్టుకుని వంతులవారీగా చలిలో నిలబడి చూశారు. ఒంటి మీది మచ్చల్ని ఫోటో తీస్తే చాలు, ఏది ఏదో గుర్తుపట్టవచ్చు. వేలెడు చర్మం ముక్క తెచ్చే చిన్న బాణం ఉంది, తిమింగలం చావనక్కరలేదు. నీళ్లలోకి మైకు దింపి పాట విన్నారు. నీలి తిమింగలం గొంతు ఎంత మంద్రమంటే మన చెవికి సరిగా అందదు గాని, నీటిలో వందల కిలోమీటర్లు పోతుంది. రెండేళ్ల ముందు, 2018లో, వెతికినప్పుడు ఒక్కటంటే ఒక్కటే కనిపించింది. ఈసారి 36 చోట్ల, మొత్తం 55 కనిపించాయి. గ్రిట్‌వికెన్‌లో వేట ఎప్పుడో ఆగిపోయింది, కాగులు తుప్పుపట్టి పడి ఉన్నాయి. డిస్కవరీ ఓడ అది పుట్టిన డండీలోనే ఒడ్డుకు కట్టి ఉన్నది, టిక్కెట్టు కొని ఎక్కి చూడవచ్చు.

అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తున్నారు. పిల్లలు ఎవరైనా అడగదలిస్తే భోజనాల దాకా నేను ఆ వేపచెట్టు కింద ఉంటాను. సెలవు.